ఆకుపచ్చ గొట్టం

ఫాల్ రివర్‌లో, నదికి దిగే ఏటవాలు వీధిలో
డెల్ఫీనా ఒక ఇల్లు బేరమాడింది.
స్కూలు బస్సు నడిపి కూడబెట్టిన డబ్బు.
సంతకానికి ముందు నన్ను పిలిచింది.

నా పని చిన్నది.
చేతిలో ఇనుము జాడ తీసే కర్ర,
చెవులకి రెండు గిన్నెలు,
నేల ఏమంటుందో విని
కాగితం మీద రాసివ్వడం.

మార్చి నెల. గోడనీడన ఇంకా మురికి మంచు.
ముందు నేలమాళిగలోకి దిగాను.
రాతిగోడలోంచి పొడుచుకొచ్చిన
రెండు సన్నని రాగిగొట్టాలు,
కొసలు నలిపి మడిచేసి,
మాట మింగిన పెదవుల్లా.
ఇల్లు ఇప్పుడు గ్యాసుతో వెచ్చబడుతోంది.
అంతకు ముందు దేనితో వెచ్చబడిందో
గోడ మరిచిపోలేదు.

పెరట్లో నడుమెత్తు గొట్టం ఒకటి,
పైన గొడుగుపిడిలా వంకీ తిరిగి.
ఆకుపచ్చ రంగు, పొర మీద పొర.
నిరుటి చిక్కుడుతీగ ఎండి
ఇంకా దాన్ని వదల్లేదు.

"మా ఆయన పాతాడు, చిక్కుడు పాకడానికి"
అంది ఇల్లు అమ్ముతున్న లియోంటీన్ పకెట్.
ఎనభై నాలుగేళ్ళు. గౌను జేబులో మాత్రల డబ్బా.
"ఏటా ఈస్టర్ ముందు రంగు వేస్తాను."
ఆమె ముఖంలోకి చూశాను.
అబద్ధం లేదు.
ఉండి ఉంటే నాకు తేలికయ్యేది.

గొట్టం నుంచి నాలుగడుగుల దూరంలో కర్ర కూసింది.
అక్కడినుంచి ఆరడుగుల దాకా ఆగకుండా కూసింది.
నారింజ రంగు డబ్బా ఊపి గడ్డి మీద గీత గీశాను,
పడుకున్న ఆవు చుట్టూ గీసినట్టు.
గీత మొదలూ చివరా కలిసేసరికి
ఇంటి ధర పద్దెనిమిది వేలు దిగింది.
నా కూలి రెండువందల యాభై.

ఒక మాట నేను కాగితం మీద రాయలేదు.
ఈ గుట్ట మీద ఇలాంటివి సగం
మా నాన్న పాతినవే.
అనాటోల్ అంటే ఆయిల్ కంపెనీలో అందరికీ తెలుసు.
పార తుడుచుకుంటూ చెప్పేవాడు:
"నిశ్చింతగా ఉండండమ్మా, మిమ్మల్ని దాటి బతుకుతుంది."
బొగ్గు మోసి మోసి వంగిన నడుములు
ఆ మాటకి నిటారుగా లేచేవి.
వేడివేడి మాంసం పై గుడ్డలో చుట్టి ఇచ్చేవాళ్ళు.
ఆ పైలు తిని పెరిగాను నేను.

ఏప్రిల్లో తవ్వారు.
ఫైర్ డిపార్ట్‌మెంటు మనిషి గోతి గట్టున నిలబడి
పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు.
ఎవరూ మాట్లాడలేదు.
డెల్ఫీనా తమ్ముడు రుయ్ మెడ రుద్దుకుంటున్నాడు.
గొలుసులకి వేలాడుతూ పైకొచ్చింది ట్యాంకు,
బురదోడుతూ, తుప్పు రాలుస్తూ,
పొట్ట అడుగున గోళీ పట్టేంత చిల్లు.
నాన్న లెక్క తప్పింది,
కాని మరీ ఎక్కువ కాదు.

రెండు లారీల మట్టి పోయింది.
ఖర్చు ఎవరిదని లాయర్లు మే నెలంతా తిన్నారు.
లియోంటీన్ మాత్రం కిటికీ తెరిచి
ఒక్కటే అడిగింది:
"ఆ గొట్టం ఏం చేశారు?"

జూన్‌లో అటుగా వెళ్తూ బండి ఆపాను.
కొత్త మట్టి, కొత్త గడ్డి, గేటుకి కొత్త పేరు.
గొట్టం పాతచోటే ఉంది.
కింద ఏమీ లేదు, జానెడు సిమెంటు తప్ప.
డెల్ఫీనా గరుకుకాగితంతో రుద్దుతోంది.
పచ్చ కింద ఇంకో పచ్చ, దాని కింద ఇంకోటి.
"ఏ రంగు వెయ్యమంటావు?" అంది.

నేను వేరే సంగతి ఆలోచిస్తున్నాను.
ఎప్పుడో ఈ ఇల్లు మళ్ళీ అమ్మకానికొస్తుంది.
నాలాంటివాడొకడు కర్ర పట్టుకొస్తాడు.
గొట్టాన్ని చూడగానే కళ్ళు మెరుస్తాయి వాడికి.
పెరడంతా తిరుగుతాడు, మళ్ళీ తిరుగుతాడు,
బ్యాటరీ మారుస్తాడు,
చెవిగిన్నెలు దులుపుతాడు.
చిక్కుడుతీగ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని
కాగితం మీద ఏం రాయాలో
వాడికి తెలీదు.